రాత్రిని దించే తడిక

నేను ఒక తడికను. మీ ఊళ్లలో తడికను పెరటికి కడతారు. ఇక్కడ రాత్రి కోసం కడతారు.

ఈ నేల తన సూర్యుడికి ఎప్పుడూ ఒకే చెంప చూపిస్తుంది. ఆ వైపంతా కాలిన రాయి. రెండో వైపు ఎన్నటికీ తెల్లవారని మంచు. నడుమ ఉన్న సన్నని అంచు మీద మనుషులు కాపురాలు పెట్టారు. ఎర్రటి సూర్యుడు కొండ మీద మేకు కొట్టినట్టు ఒకేచోట ఉంటాడు.

నేను పుట్టింది ఆ అంచున పెరిగే రెల్లులో. మా ఆకులన్నీ వెలుగువైపే తిరిగి ఉంటాయి. నీళ్లు మాత్రం చీకటివైపు నుంచి రావాలి. చలిపురుగులు వీపుల మీద మంచు మోసుకుని, వెచ్చదనం కోసం మా మొదళ్లలోకి పాకి వస్తాయి. ఆ మంచు కరిగితే మేం తాగుతాం. మా ఎండుటాకులు తిని అవి వెనక్కి పోతాయి. ఎవరూ ఎవరికీ చేతులు జోడించరు.

మనుషులు అలా కాదు. అస్తమయం లేని లోకాన్ని వెతుక్కుంటూ వచ్చి, మొట్టమొదట రాత్రి కావాలన్నారు. గడియారాలు తెచ్చుకున్నారు గానీ, సూర్యుడు ఒప్పుకోని మాట గడియారం చెబితే ఎవరు నమ్ముతారు? అన్నాలయ్యాక ఇల్లాలు కిటికీ తడిక దించితే రాత్రి. ముందు లేచినవాళ్లు ఎత్తితే ఉదయం.

నన్ను అల్లిన రామలింగం ఒంటరివాడు. ఎవరైనా పనికి పిలిస్తే నన్ను దించేసి, "మా ఇంట్లో అర్ధరాత్రండీ" అనేవాడు. ఆయన వేరే పేటకు మారిపోతూ, కొత్తగా కాపురానికొచ్చిన సువర్చలకు నన్ను ఇచ్చి వెళ్లాడు. ఆమె చేతుల్లో నా రాత్రులు పద్ధతిగా సాగాయి.

ఆమె భర్త కోదండం చీకటివైపు వెళ్లి తాగునీటికి మంచు కోసుకొస్తాడు. ఈసారి వెళ్తూ, "తడిక దించేలోపు వచ్చేస్తానే" అన్నాడు. ఇక్కడ ప్రయాణమయ్యేవాళ్లు అందరూ అనే మాటే.

ఆయన వెళ్లాక పురుగులు రావడం ఆగిపోయింది. చీకట్లో తుఫాను రేగితే అవి కదలవు. వాకిట్లో రెల్లు వాడిపోయింది. సువర్చల అన్నం వండింది, పిల్లకు పెట్టింది. నన్ను మాత్రం దించలేదు. మళ్లీ వండింది, పెట్టింది. అప్పుడూ దించలేదు. దించితే ఆ రోజు అయిపోతుంది. ఆయన రాని రోజు అవుతుంది.

కూతురు నీలకు వెలుగులో నిద్ర పట్టక కళ్లు ఎర్రబడ్డాయి.

"దించెయ్యవే," అంది అత్తగారు మాణిక్యాంబ.

"కూర ఇంకా మిగిలుంది అత్తయ్యా."

"కూర మిగిలితే పొద్దు గుంకదా?"

సువర్చల గిన్నె మీద మూత సర్దింది. అది సరిగ్గానే ఉంది.

"మీ మావయ్య వెళ్లినప్పుడు నేనూ దించలేదు," అంది ముసలామె, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ. "చంకలో కోదండం. నిద్దర్లేక ఏడ్చి ఏడ్చి ఒళ్లు కాలిపోయింది. పక్కింటావిడొచ్చి తిట్టి దించింది. ఎత్తి ఉంచితే వస్తారటే ఎవరైనా?"

మామగారు ఏమయ్యారో సువర్చల అడగలేదు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పిల్ల నుదురు తాకి చూసి, లేచి నన్ను దించింది.

చీకట్లో ఆయనదీ కలిపి నాలుగు పక్కలు పరిచింది. నీల వెంటనే నిద్రపోయింది. పెద్దవాళ్లిద్దరూ పడుకున్నారు గానీ, ఊపిరి వింటే తెలుస్తుంది కదా, ఎవరికీ నిద్ర లేదు. ఇందాకటిదాకా నన్ను దించడానికి భయం. ఇప్పుడు ఎత్తడానికి భయం. ఎత్తితే ఆయన లేకుండానే కొత్త రోజు మొదలవుతుంది. మెలకువగా ఉండీ, ముందు లేచేవాళ్లు ఎవరూ లేరు.

చాలాసేపటికి నీల కదిలింది. "అమ్మా, తెల్లారిందా?"

"ఇంకా లేదు, పడుకో."

కాసేపాగి మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. మూడోసారి పిల్ల తెల్లారిందా అని అడగలేదు. "ఆకలేస్తోంది," అంది.

సువర్చల లేచి కూర్చుని, పిల్ల జుట్టు సర్దింది. "తెల్లారిందమ్మా," అంటూ వచ్చి నా తాడు పట్టుకుంది.

నేను ఎండు రెల్లును, నాకు బరువేమీ లేదు. అయినా రెండు చేతులా లాగింది.