గుండ్రంగా కూర్చున్న శుక్రవారం

ప్రతి శుక్రవారం క్లాసులయ్యాక చందానగర్ నర్సింగ్ కాలేజీలో రెండో సంవత్సరం అమ్మాయిలు నేలమీద గుండ్రంగా కూర్చుంటారు. మనసులో ఉన్నది ఏదైనా చెప్పుకోవచ్చు. వినేవాళ్లు మాత్రం నవ్వకూడదు, నీతులు చెప్పకూడదు.

ఆ వారం కెజియా నోరు విప్పింది. ఆసుపత్రి వార్డులో మల్లయ్య తాతకు సెలైన్ పెట్టబోతే మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదట. తాత తన చెయ్యి లాక్కుని, "ఈ పిల్ల వద్దు" అని వార్డంతా వినబడేలా అరిచాడట. ఇక చదువు మానేస్తానంటూ తల దించుకుంది. క్లాస్ ఫస్ట్ జయంతి నవ్వుతుందేమోనని ఆమె భయం.

"నేనైతే ఐదుసార్లు గుచ్చిన," అంది జయంతి. "బాత్రూంల కూసొని ఏడ్చిన."

"నేను ఏడు," అంది పక్కనున్న పిల్ల.

వాళ్లతోపాటే కూర్చున్న టీచర్ భ్రమరాంబ మేడం గొంతు సవరించుకున్నారు. "నేను పదకొండమ్మా. పైగా ఆ పేషెంటు మా ప్రిన్సిపాల్ గారి మామగారు!"

నవ్వకూడదన్న నియమం గాలికి పోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది కెజియానే.

సోమవారం ఆమె నేరుగా మల్లయ్య మంచం దగ్గరికే వెళ్లింది. తాత ఏదో గొణిగి, కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి చెయ్యి చాచాడు. కాసేపటికి విసుక్కున్నాడు.

"ఏంది బిడ్డా, ఇంకెప్పుడు గుచ్చుతవ్?"

అప్పటికే సెలైన్ చుక్క చుక్కా దిగుతోంది.