వంకర పాళీ

విజయేందర్‌కు యాభై నాలుగో ఏట గెజిటెడ్ హోదా వచ్చింది. అంటే ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టే హక్కు వచ్చింది. జీతం పెద్దగా పెరగలేదు. కుర్చీ పాతదే, దాని వీపు మీద వేసిన తువ్వాలు మాత్రం కొత్తది. నాంపల్లి స్టేషన్‌కు నడక దూరంలో ఉన్న ఆ ప్రభుత్వ శాఖ ఆఫీసులో ఆయన ఇరవై ఎనిమిదేళ్లు నీలం ఇంకుతో నోట్ ఫైళ్లు రాశాడు. ఇంకొకరి ఆకుపచ్చ సంతకం కోసం తలుపుల దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు తన తలుపు దగ్గర ఇతరులు నిలబడే రోజు వచ్చింది. దాన్ని ఆయన వృథా చేయదలచుకోలేదు.

చిక్కల్లా సంతకంతోనే. ఆయనది పొట్టి సంతకం. ఒక ‘వి’, దాని పక్కన వానపాములాంటి గీత. గుమాస్తాకు సరిపోయింది కానీ, గెజిటెడ్ అధికారికి అది మరీ బక్కగా కనిపించింది. పై అంతస్తులో ప్రభావతి అని ఇంకో గెజిటెడ్ అధికారి ఉంది. విజయేందర్ కంటే రెండేళ్లు వెనక చేరి, ఆరేళ్లు ముందు పైకి వెళ్లింది. ఆమె ఆకుపచ్చ బాల్‌పెన్నుతో పూర్తి పేరు గుండ్రంగా రాసి ఊరుకుంటుంది. “గది సంతకమా, స్కూల్ల హాజరా?” అని విజయేందర్ క్యాంటీన్‌లో నవ్వేవాడు.

ఒక శనివారం ఆయన అబిడ్స్‌లో జీపీఓ దాటాక సందులో ఉన్న కిషన్ పెన్నుల దుకాణానికి వెళ్లాడు. ప్రమోషన్ సంగతి కిషన్ అడగకముందే చెప్పాడు.

“ముబారక్ సార్! మీ హోదాకు తగ్గది జర్మనీ మాల్ ఉన్నది, చూపియ్యాల్నా?”

ధర విని విజయేందర్ హోదాను కొంచెం తగ్గించుకున్నాడు. “గంత వద్దు. పెన్ను పెద్దగ కనవడాలె, ధర చిన్నగ ఉండాలె.”

కిషన్ ఒక అట్టపెట్టె తీసి అద్దం మీద పెట్టాడు. లోపల లావుపాటి నల్ల పెన్ను, విడిగా రెండు పాళీలు. “మూడొందల యాభై. గిది మామూలు రాతకు, గిది చైనా రాతకు. ఎప్పుడు ఏది గావాల్నంటే అది తిప్పి పెట్టుకోవచ్చు.”

రెండో పాళీ కొన పైకి వంగి ఉంది. విజయేందర్ దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. “కింద పడ్డదా ఏంది? వంకరవోయింది.”

“పడలే సార్, కావాలనే వంచిన్రు. చైనావాళ్లు కుంచెతోని రాస్తరు గద. ఒక్క గీతనే సన్నగ మొదలై, లావై, మళ్ల సన్నగైతది. గా కుంచె రాత పెన్నుతోని రావాలెనని గిట్ల వంచిన్రు. నిలువుగ పట్టుకుంటే సన్నగ, జర వాలుస్తే లావుగ.” కిషన్ ఆ పాళీని పెన్నుకు బిగించి ఒక గీత గీసి చూపించాడు. వెదురాకులా వచ్చింది. “కానీ చెయ్యి కుదరనీకి టైం పడ్తది సార్. గప్పటిదాక ఆఫీసు కాయితాల మీద పెట్టకుండ్రి.”

ఆ చివరి మాట విజయేందర్ వినలేదు. అప్పటికే పెన్ను లాక్కుని సంతకం పెడుతున్నాడు. ‘వి’ సూదిలా బయలుదేరి వంకాయలా ఉబ్బింది. పక్కన ఉండే వానపాము కొండచిలువై కాగితం అంచు దాకా పాకింది. దాన్ని కళ్లార్పకుండా చూసి, “గిదీ సంతకమంటే!” అన్నాడు. మామూలు పాళీని పెట్టెలోనే ఉంచి మూత వేశాడు.

సోమవారం పొద్దున మొదటి కాగితం మీద ఆ సంతకం పడగానే అటెండర్ బిచ్చయ్య దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. బిచ్చయ్య ఆ ఆఫీసులో పదకొండు మంది అధికారుల సంతకాలకు ముద్ర కొట్టినవాడు.

“ఏంది, గట్ల చూస్తున్నవ్?”

“ఏం లే సార్. ముద్దర ఏడ కొట్టాల్నా అని. జాగ లేదు.”

“దాని మీదనే కొట్టు.”

ముద్ర మీద ఇంకు పారి, ఆయన పేరూ హోదా రెండూ ఆకుపచ్చ గుంటలో మునిగిపోయాయి. అంత లావు గీత ఆరడానికి అయిదు నిమిషాలు పట్టేది. కాగితాలు ఎగరకుండా ఫ్యాన్ కట్టేసి, బిచ్చయ్య వాటిని బల్లల మీదా, కిటికీ గట్టు మీదా వడియాల్లా పరిచేవాడు. ఏప్రిల్ నెల. సెక్షన్ మొత్తం చెమటలు కక్కుతూ సంతకాలు ఆరేదాకా ఎదురుచూసేది.

విజయేందర్ ఫోన్‌లో చైనా రాత వీడియోలు చూడడం మొదలుపెట్టాడు. తెల్ల గడ్డపు పెద్దమనిషి ఒకాయన ఊపిరి బిగబట్టి, కళ్లు సగం మూసి, ఒక్క అక్షరం రాసేందుకు బోలెడంత సేపు తీసుకున్నాడు. మర్నాటి నుంచి పదకొండు గంటల నుంచి పన్నెండు దాకా సంతకాల వేళ అని ప్రకటన వెలువడింది. ఆ గంటసేపు ఎవరూ మాట్లాడకూడదు. కుర్చీ జరపకూడదు. దగ్గు వస్తే వరండాలోకి వెళ్లాలి. విజయేందర్ వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, ముక్కుతో గాలి పీల్చి, ఎవరిదో పదో తరగతి మెమో మీద కొండచిలువను వదిలేవాడు.

ఎవరి సర్టిఫికెట్ల నకళ్ల మీద వాళ్లే సంతకం పెట్టుకుంటే చాలని ప్రభుత్వం చెప్పి ఏళ్లయింది. అయినా కొన్ని చోట్ల గెజిటెడ్ సంతకం లేనిదే కాగితం ముట్టుకోరు. అందుకే స్నేహలత ఆయన తలుపు దగ్గరికి వచ్చింది. ఆమె నర్సింగ్ చదివిన పిల్ల. తండ్రి ఎల్లేష్ అఫ్జల్‌గంజ్‌లో ఆటో నడుపుతాడు. లక్డీకాపూల్‌లోని ఒక నియామక సంస్థలో నర్సు ఉద్యోగానికి కాగితాలు ఇవ్వాలి. ఐదు నకళ్లు.

విజయేందర్ ఐదు సార్లు ఊపిరి బిగబట్టాడు. స్నేహలత ఐదింటినీ చూసి మెల్లగా అంది. “సార్, ఐదు ఒక్క తీరుగ లేవు.”

“అచ్చుగుద్దిన పని కాదమ్మా, చేతి పని. ఒక్కొక్క దాంట్ల ఒక్కొక్క భావం ఉంటది. ఫ్రేం కట్టిచ్చుకునే సంతకాలు, నీకు ముఫత్‌ల ఇస్తున్న.”

ఆమె ఆరేదాకా నిలబడి, కాగితాలు తీసుకుని వెళ్లిపోయింది.

వారం తిరిగాక, శుక్రవారం పొద్దున లక్డీకాపూల్‌లోని కౌంటర్‌లో గుమాస్తా ఆ ఐదింటినీ వరసగా పేర్చాడు. “ఎవరెవరితోని పెట్టిచ్చుకొచ్చినవ్?”

“ఒక్క ఆఫీసరే పెట్టిండు సార్.”

“ఒక్కడే? గీ రెండోది చేప లెక్కనున్నది. గిది నెలవంక. గిదైతే ఇంకు ఒలకవోసినట్టున్నది. పేరు కనవడ్తలేదు, ముద్దర కనవడ్తలేదు. ఇంట్ల గూసోని నువ్వే గీసుకున్నవా?”

వెనక లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. స్నేహలత చెవులు వేడెక్కాయి. గుమాస్తా ఒక కాగితం టైపు చేయించి చేతిలో పెట్టాడు. ఈ ఐదు సంతకాలూ తనవేనని సదరు అధికారి రాసివ్వాలి. తన సంతకం నమూనాలు మూడు, ఇంకో గెజిటెడ్ అధికారి ఎదుట పెట్టి, ఆ అధికారి ధ్రువీకరణతో పంపాలి. కొత్త నకళ్లు జతచేయాలి. సాయంత్రం ఐదు దాటితే దరఖాస్తు రద్దు, ఆపైన పోలీసులకు ఫిర్యాదు.

బస్సు కోసం ఆగలేదు. కోపం మీద నాంపల్లి దాకా నడిచేసింది. వెళ్లేసరికి సంతకాల వేళ. “సార్ ఊపిరి పట్టిండు బిడ్డా, జర ఆగు” అన్నాడు బిచ్చయ్య. ఆమె ఆగలేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. ఉలికిపాటుకు కొండచిలువ ఎవరిదో కుల ధ్రువీకరణ పత్రం మీద నుంచి బల్ల మీదికి పాకింది.

“సార్, మీ సంతకాలు జూసి నన్ను దొంగ అన్నరు.”

విజయేందర్ ఉత్తరం చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చదివాడు. “వాళ్లకు కళ ఏం దెలుసు!”

“నాకు కళ వద్దు సార్, నౌకరి గావాలె. పైన మేడమ్ గూడ గెజిటెడ్ అని కింద బోర్డు మీదున్నది, ఆమె తాన నమూనాలు పెట్టి ఇయ్యుండ్రి.”

పైన మేడమ్ అనగానే ఆయన ముఖం మారింది. వేరే అధికారుల కోసం మూడింటి దాకా ఫోన్లు చేశాడు. ఒకాయన క్యాంప్‌లో ఉన్నాడు, ఒకాయన సెలవులో ఉన్నాడు, ఒకాయన సంగతి వినగానే సిగ్నల్ లేదన్నాడు. ఆ మూడు గంటలూ స్నేహలత గుమ్మంలోనే నిలబడింది. చివరికి ఆయన పెన్ను జేబులో పెట్టుకుని మెట్లెక్కాడు. వెనక ఆమె, ఆమె వెనక బిచ్చయ్య.

ప్రభావతి ఉత్తరం చదివింది. నవ్వలేదు. నవ్వి ఉంటే విజయేందర్‌కు తేలికగా ఉండేది. “కూసోండి విజయేందర్ గారూ. మూడు సంతకాలు. ఒక్క తీరుగ ఉంటే చాలు.”

మొదటిది వెదురాకులా వచ్చింది. రెండోది గుమ్మడికాయలా వచ్చింది. మూడో దానికి ఆయన మరీ గట్టిగా ఊపిరి బిగబట్టడంతో పెన్నులోంచి చుక్క రాలి కాగితం మీద చెరువు కట్టింది.

“ఈ ముగ్గుర్ల మీరెవరు?” అని ఆమె అడిగింది.

ఆయన కింది గదిలోంచి పెన్ను పెట్టె తెప్పించి, వేళ్లు ఆకుపచ్చ చేసుకుంటూ వంకర పాళీ విప్పి మామూలు పాళీ బిగించాడు. మూడు వారాలు వాలిన పెన్నుకు అలవాటుపడ్డ చెయ్యి నిటారు పెన్నును గుర్తుపట్టలేదు. పాత ‘వి’ రాలేదు. వానపాము ఎటు తిరిగేదో, ఎక్కడ ఆగేదో చేతికి గుర్తు లేదు. బిచ్చయ్య రికార్డు గదిలోంచి పాత ఫైలు మోసుకొచ్చి ముందు తెరిచి పెట్టాడు. విజయేందర్ నాలుక కొన బయటపెట్టి, తన సంతకాన్ని తానే చూసి దించడం మొదలుపెట్టాడు.

ప్రభావతి ఫైలు మూసేసింది. “చూసి రాస్తే దాన్ని ఏమంటరో మీకు ఎరుకే. దానికి నేను సాక్షి సంతకం పెట్ట.” సొరుగులోంచి ఊదా రంగు ఇంకు ప్యాడ్ తీసి ఆయన ముందు పెట్టింది. “ఎడమ బొటనవేలు.”

“మేడమ్! నేను గెజిటెడ్ ఆఫీసర్ని!”

“అందుకే వేలు అడుగుతున్న. మామూలు మనిషైతే సంతకం పెట్టేటోడు.”

విజయేందర్ బిచ్చయ్య వైపు చూశాడు. బిచ్చయ్య కిటికీ బయట చూడదగ్గదేదో ఉన్నట్టు చూస్తున్నాడు. స్నేహలత వైపు చూశాడు. ఆమె గోడ గడియారం చూస్తోంది. నాలుగు దాటింది. ఆయన వేలు ప్యాడ్‌కు అద్దాడు. మూడు ముద్రలు. మూడూ ఒక్క తీరుగా వచ్చాయి.

వాటి కింద ప్రభావతి గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘పై వేలిముద్రలు గెజిటెడ్ అధికారి శ్రీ విజయేందర్ నా ఎదుట వేసినవి. జతచేసిన ఐదు సంతకాలు ఆయనవేనని ఒప్పుకున్నారు.’ కొత్త నకళ్ల మీద తన పూర్తి పేరు ఐదు సార్లు రాసింది. రెండు నిమిషాలు పట్టింది. బిచ్చయ్య టపటపా ముద్రలు కొట్టాడు. స్నేహలత ఫోన్ చేసి పిలిపించిన తండ్రి ఆటో కింద సిద్ధంగా ఉంది. ఐదుకు పది నిమిషాల ముందు కాగితాలు కౌంటర్‌లో పడ్డాయి. గుమాస్తా వేలిముద్రలు చూసి పక్క బల్లవాళ్లను ముగ్గురిని పిలిచాడు. ఈసారి నవ్వినవాళ్లలో స్నేహలత కూడా ఉంది. నెల తర్వాత నర్సుల జాబితాలో ఆమె పేరు వచ్చింది.

వేలిముద్రలు వేసిన ఆ శుక్రవారం సాయంత్రం ఇంట్లో విజయేందర్ ఎడమచెయ్యి జేబులోంచి తీయకుండానే టీ తాగాడు. చొక్కా మార్చుకునేటప్పుడు భార్య శ్రీవిద్య ఊదా రంగు వేలు చూసింది.

“ఏందండి గది? వేలు చితికిందా?”

“ఆఫీసుల బయోమెట్రిక్ పెట్టిన్రు” అన్నాడు. “అందరికి గాదు. ముందుగాల గెజిటెడ్ వాళ్లకే.”

శ్రీవిద్య నమ్మింది. మర్నాడు పొద్దున బట్టలు ఆరేస్తూ, పక్కింటామెకు ఆ సంగతి కొంచెం గట్టిగానే చెప్పింది.