సర్దని చరణం

నేను ఒక డోలక్‌ని. ముద్దుముద్దుగా చెప్పుకోవడం నాకు చేతకాదు. కొడితే మోగుతాను, అంతే. గుంటూరులో మస్తాన్ సాహెబు పనస దుంగను తొలిచి, రెండు వైపులా మేకతోలు బిగించి, ఒక్కటిచ్చి, "పలుకుతోంది, పట్టుకుపోండి" అన్నాడు. మొదట ఒక భజన బృందానికి పోయాను. వాళ్ళు దేవుడి కోసం కంటే పక్క ఊరి బృందాన్ని ఓడించడానికే ఎక్కువ బాదారు. తర్వాత పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రా. నేను తోలు చిరిగేలా మోగుతుంటే జనం పప్పులో నెయ్యి చాల్లేదని పోట్లాడుకునేవారు. చివరికి సువార్త చేతికొచ్చాను. కాకినాడ మనిషి. చర్చిలో బల్ల మీద దరువేసి నేర్చుకుంది. అంతకుముందు అందరూ నన్ను కొట్టారు. వాయించింది ఆవిడే!

ఆవిడతో పాటే నిశ్వంత్ బృందంలో చేరాను. నిశ్వంత్ అంటే పోస్టర్ నిండా తానొక్కడే ఉండే గాయకుడు. ఊరూరా కచేరీలు. వెనక చీకట్లో నల్లబట్టలేసుకుని మేం: బేస్ గిటార్ పోలిరాజు, కీబోర్డు జిలానీ, సువార్త, నేను.

కుర్రాడి గొంతు బంగారం, తాళం సున్నా. చరణానికి ముందు మేం వాయించే ముక్క ఉంటుంది కదా, జనం కేకలకు ఉబ్బిపోయి అది అవకుండానే పాట ఎత్తేస్తాడు. వెంటనే సువార్త నా మీద గట్టిగా ఒక దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బ వినగానే ముగ్గురూ మిగతా ముక్క వదిలేసి అతను పాడుతున్న చోటికి దూకుతారు. జనానికి తప్పు తెలియదు. అతనికీ తెలియదు! దీన్ని మావాళ్ళు సర్దడం అంటారు. సర్దింది మేం, చప్పట్లు అతనికి.

కాకినాడ కచేరీకి సువార్త వాళ్ళ పేట ఆడవాళ్ళు టిక్కెట్లు కొనుక్కుని మరీ వచ్చారు. "నిజంగా నువ్వే వాయిస్తావేంటే, సామాన్లు మోస్తావా?" అని ఎగతాళి చేసినవాళ్ళే. "స్టేజీ మీద నా పేరు చెబుతారు, వినండి" అని ఆవిడ మాటిచ్చింది. తీరా మొదలయ్యే ముందు మేనేజరు కిరీటి వచ్చాడు.

"యాంకరు మీ పేర్లు చెప్పే ముక్క తీసేశాం. టైం లేదు."

"మా పేటోళ్ళొచ్చారండి, ఒక్క ముక్క..."

"వాళ్ళొచ్చింది నిశ్వంత్‌ని చూడ్డానికి. వెనకాల ఎవరుంటే ఏంటక్కా?"

పోలిరాజు శ్రీకాకుళం మనిషి, అక్కను అప్ప అంటాడు. భగ్గుమన్నాడు. "అప్పా, ఈ పాలి సర్దకు. ఆడి తప్పు ఆడికే ఒగ్గీ."

"పాటేం పాపం చేసిందిరా?" అంది సువార్త.

మూడో పాట. మైదానమంతా ఊగిపోతోంది. మా ముక్క సగంలో ఉండగానే కుర్రాడు చరణంలోకి దూకాడు. పోలిరాజు, జిలానీ సువార్త వైపు చూశారు. ఆవిడ చెయ్యి పైకి లేచింది. నా తోలు బిగుసుకుంది. ఎదురుగా పేట ఆడవాళ్ళు కనిపించారు. ఆ చెయ్యి దిగలేదు.

దెబ్బ పడకపోయేసరికి అందరూ ఆపేశారు. అబ్బ, ఆ నిశ్శబ్దం! అంత మైదానంలో ఒక్క గొంతు, బట్టల్లేకుండా నిలబడ్డట్టు. రెండు మాటలు పాడి తడబడ్డాడు. మొదటిసారి వెనక్కి తిరిగాడు.

"ఏయ్ డోలక్, నిద్రపోయావా?" మైకు ఆన్‌లోనే ఉంది.

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక కేక: "ఒరేయ్ అబ్బాయ్, ఆవిడికి పేరుంది! ఆ పేరు పెట్టి పిలు!"

జనం అందుకున్నారు. పేరు, పేరు, పేరు! కుర్రాడికి ఆ పేరు తెలియదు పాపం! ఏడాదిగా ఒకే బస్సులో తిరుగుతున్నాడు, తెలియదు. మైకు పట్టుకుని వెనక్కి నడిచొచ్చాడు. లైటువాడికి ఉన్న ఆర్డరు ఒక్కటే, హీరోని వదలొద్దని. అతని వెంటే వెలుతురు కూడా మా మీదికొచ్చి పడింది!

"అక్కా... మీ పేరు?"

"ముందు వాళ్ళిద్దరివీ అడుగు బాబూ. తర్వాత నాది."

అడిగాడు. ఒక్కో పేరూ మైకులో చెప్పాడు. సువార్త పేరు వినగానే పేట మొత్తం కుర్చీలెక్కేసింది. ఆవిడ చెయ్యి నా మీద పడింది చూడండి, అలా నేను జన్మలో మోగలేదు! కుర్రాడు కూడా ఆ రోజే మొదటిసారి మా వాయింపు విని పాడాడు.

కిరీటి ఊరుకుంటాడా? మమ్మల్ని తీసేసి రాజమండ్రి కచేరీకి కొత్తవాళ్ళను పెట్టాడు. రిహార్సల్లో కుర్రాడు పాత అలవాటుకొద్దీ దూకాడట. కొత్తవాళ్ళు కాగితంలో ఉన్నదే వాయించుకుంటూ పోయారట. పాట ఒక దారి, పాడేవాడు ఒక దారి. మధ్యాహ్నానికల్లా సువార్తకు నిశ్వంతే ఫోను చేశాడు.

"రండక్కా, ప్లీజ్."

"మొదట పేర్లు, తర్వాతే పాట. సరేనా?"

రాజమండ్రిలో లైట్లన్నీ వెలిగాయి. కుర్రాడు రొమ్ము విరుచుకుని మొదలుపెట్టాడు. "డోలక్, సువార్తక్క! కీబోర్డు, జిలానీ! బేస్ గిటార్..." కంగారులో తడబడి, "...పోతురాజు!" అన్నాడు.

కాకినాడ వీడియో అప్పటికే ఫోనుఫోనుకీ పాకిపోయింది. మైదానం మైదానమంతా అతని మీద విరుచుకుపడింది:

"పోలిరాజు!"