గేటు దాకా పోయిన జంఖానా

ఆదివారం పొద్దున్నే కొండమ్మ చేసే మొదటి పని నాంపల్లి చర్చిలో ఆడవాళ్ల వైపు చారల జంఖానా పరవడం. మిగతా వారమంతా అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు జామపండ్లు అమ్మే మనిషి, ఆ ఒక్కరోజు తెల్లచీర కట్టి దేవుడింటి పెద్దకోడలిలా తిరుగుతుంది. జంఖానా పరిచినప్పుడు పదిమందికి సరిపోతుంది. వందమంది వస్తే వందమందికీ సాగుతుంది. ఆరాధన అయ్యాక మళ్లీ చిన్నదై బీరువాలో ఒదుగుతుంది. అది అందరికీ తెలిసిందే. కొండమ్మ విసుగల్లా వేరు.

"గింత సాగితే ఉతికేటిదెవరు?" అంటుంది.

ముందు వరసలో నట్టనడుమ ఆమె చోటు. ఉపవాసాలుండి, అందరికంటే ముందొచ్చి సంపాదించుకున్న చోటని ఆమె నమ్మకం. కాదనే ధైర్యం ఎవరికుంది!

ఆ రోజు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారం. గేటు దగ్గర ఆమె చెల్లెలు ఎస్తేరు పిల్లను చంకనేసుకొని నిలబడి ఉంది. కొన్నేళ్ల కింద, మంచాన పడ్డ తల్లిని అక్కకు వదిలి, పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడితో కాజీపేట పోయిన ఎస్తేరు. తల్లి చనిపోతే మట్టికి కూడా రాలేదు. ఇప్పుడు మొగుడు చనిపోయాడు. అక్క రమ్మంటే ఇక్కడ ఉంటుంది. లేకుంటే మధ్యాహ్నం బండెక్కి ఎక్కడికో పోవాలి, ఆ ఎక్కడికో ఆమెకే తెలియదు పాపం.

ఆ చర్చిలో ఒక కట్టుబాటుంది. తప్పు చేసినవాళ్లు సంఘం ముందు ఒప్పుకోవాలి. నొచ్చుకున్నవాళ్లు సరేనంటేనే లోపలికి రావాలి.

"ఏమంటవ్ కొండమ్మా?" అని అడిగారు పాస్టర్ లక్ష్మణరావు గారు.

"గాడనే ఉండనియ్యుండ్రి సారూ. అమ్మ మట్టికి రానిది, రొట్టెకొచ్చిందా?"

కొండమ్మ ఒకటి తలిస్తే జంఖానా ఇంకొకటి తలిచింది. మొదటి పాట సగంలో ఉండగా కదిలింది. ఆడవాళ్లు కాళ్లు ముడుచుకొని దారిచ్చారు. అది సాగుతూ గడప దాటి మెట్లు దిగింది.

"ఏయ్, ఎటు వోతున్నవే!"

కొండమ్మ ఉరికొచ్చి దాని అంచు మీద చతికిలబడింది. తేలిక మనిషేం కాదు. అయినా జంఖానా ఆగలేదు. ఆమెను కూడా ఎక్కించుకొని, విడిచిన చెప్పుల పక్కనుంచి గేటు దాకా పోయి ఎస్తేరు కాళ్ల దగ్గర ఆగింది. బయట రిక్షా ఆయన తన రిక్షాను జర పక్కకు జరిపాడు. లోపల పాట నడుస్తూనే ఉంది.

ఎస్తేరు కూర్చోలేదు.

"అమ్మ పోయిందని నాకెవరు జెప్పలే అక్కా. తెలిస్తే నడుసుకుంటనన్న వొస్తుంటి."

తల్లి పోయిన రోజు కాజీపేట పోయే రైల్వే గార్డు ఒకాయన, ఎస్తేరుకు కబురు చెప్తానని కొండమ్మ ఇంటికే వచ్చాడు. అవసరం లేదని పంపేసింది తనే. ఆ మాట కడుపులో దాచుకొని ఇన్నేళ్లూ ముందు వరసలో కూర్చుంది, రొట్టె తిన్నది. ఒక్కనాడూ జంఖానా తన కిందినుంచి తప్పుకోలేదు. దేవుడికి తెలియక కాదు కదా! ఆ సంగతి తట్టేసరికి సిగ్గూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"పిల్లను నాకియ్యి. నువ్ కూసో ముందు," అంది. "నేనే కబురు పెట్టనియ్యలే ఎస్తేరూ. కోపంల పెట్టనియ్యలే."

ఎస్తేరు పిల్లను అక్క చేతికిచ్చింది. తర్వాత కొంగుతో అక్క మొహం తుడిచి, "జర జరుగు," అని పక్కన కూర్చుంది.

పాట అయిపోయింది. లోపలినుంచి పాస్టరు గారు కేకేశారు.

"కొండమ్మా, ఒప్పుకోలు అయ్యిందా?"

కొండమ్మ ముక్కు చీదింది.

"అయ్యింది సారూ! దానిది కాదు, నాది. నా చెల్లె ఇగ యాడికి పోదు. రొట్టె ఇద్దరికి గీడికే తెండ్రి!"