సత్యవేణి మాత్రల డబ్బా

నేను ఒక మాత్రల డబ్బాను. ఏడు గదులు, మూతల మీద ఏడు వారాల పేర్లు. ఇవాళ ఏ వారమో మనుషులకు గుర్తుండదు కాబట్టి నాకు బతుకుతెరువు దొరికింది.

నన్ను కాకినాడలో కొని సామర్లకోట తీసుకొచ్చారు. మా ఇంట్లో సత్యవేణి జాకెట్లు కుడుతుంది. పన్నెండో ఏట నుంచీ ఆమెకు మూర్ఛ. మాత్రలతో మూడేళ్లుగా అది దగ్గరికి రాలేదు. ప్రతి ఆదివారం నన్ను నింపడం ఆమె భర్త వీరబాబు పని.

నెల తప్పిందని తెలిసిన రోజే పక్కింటి సూరమ్మ చెవిలో వేసింది. "ఆ బిళ్లలు మింగితే పిల్లలు అవకరంతో పుడతారంటమ్మాయ్. మానేసెయ్."

ఆ రోజు నుంచి మాత్రలు నాలోంచి నేరుగా తూములోకి వెళ్లాయి. సాయంత్రం ఖాళీ గది చూసి వీరబాబు తృప్తిగా తలూపేవాడు. నాకు నోరుంటే బాగుండును!

తొమ్మిదో రోజు మిషను దగ్గరే సత్యవేణి పడిపోయింది. వీరబాబు ఆమెను పక్కకు తిప్పి, తల కింద దుప్పటి పెట్టి, తెలివి రాగానే నన్ను కూడా సంచిలో వేసుకుని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. "మీ భయం ఉత్తదేం కాదమ్మా. కొన్ని మూర్ఛ మందులతో బిడ్డకు లోపాలొచ్చే ప్రమాదం ఎక్కువ. మీ మందుతో తక్కువ, అసలు లేదని చెప్పను. కానీ మీ అంతట మీరు మానేస్తే వచ్చే మూర్ఛ ఇద్దరికీ ప్రమాదం. బిడ్డ కావాలనుకున్నప్పుడే నన్ను అడగాల్సింది."

దారిలో వీరబాబు అన్నాడు. "నాకైనా చెప్పొచ్చు కదా?"

"చెబితే మింగమంటారు కదండీ. దానికేవన్నా అయితే నన్ను నేను క్షమించుకోలేను."

ఆ రాత్రి నుంచి మాత్ర మింగి, నాలుక చాపి చూపించడం ఆమె వంతు, పరీక్షగా చూసి నవ్వడం అతని వంతు.

అయిదో నెలలో స్కానింగ్. నేను సంచిలోనే ఉన్నాను. "వెన్ను బాగుంది. గుండె బాగుంది" అన్నారు చివరికి. స్కానింగులో అన్నీ కనబడవని డాక్టరమ్మ చెబుతూనే ఉంది, వీరబాబు అప్పటికే కాజాల కోసం బయటికి పరిగెత్తాడు.

ఆడపిల్ల పుట్టింది. పేరు హంసిని. పదో నెలలో అది పాకుతూ వచ్చి, ఖాళీగా ఉన్న నన్ను పట్టుకుని గోడకేసి కొట్టింది. బుధవారం మూత ఊడిపోయింది.

"అయ్యో, డబ్బా!" అన్నాడు వీరబాబు.

"పోతే పోయిందండీ. విసురు చూశారా!" అంది సత్యవేణి, కళ్లు తుడుచుకుంటూ.

నాకేమీ నొప్పి అనిపించలేదు.