మిగిల్చిన పడుగు

మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చున్న ఐలేశం పేక పోగున్న నాడె విసిరి, దాన్ని నొక్కే పలక ఒక్కసారి గుంజి, ఆగాడు. నేయడానికి ఇక జానెడు పడుగే మిగిలింది. మ్యూజియం తనిఖీకి పొద్దున్నే వస్తామన్న ఢిల్లీ కమిటీ పొద్దు వాలుతున్నా జాడ లేదు. వాళ్లు వచ్చేసరికి మగ్గం ఆడుతూ ఉండాలి. ఆడే మగ్గాన్ని ఎవరూ మూయించరని అతని లెక్క.

"ఏం భాయ్, నాడెను నడిపిస్తున్నవా, నిద్ర పుచ్చుతున్నవా?" గేటు కాడి నుంచి చోటే మియా నవ్వాడు.

"నీ గేటు లెక్క ఊకె తెరిసి మూసేదా ఇది? జర సబర్ పట్టు."

ఆలేరు అంగట్లో చీరలమ్మిన రోజుల్లోనే ఐలేశం తెగిన పోగు పారేసినవాడు కాడు. భార్య సత్తమ్మ పోయాక ఇంటి మగ్గం అమ్మేశాడు. ఈ చేనేత మ్యూజియంలో జనానికి నేసి చూపే పని దొరికాక ఇదే దుకాణం, ఇదే ఇల్లు. నూలు తెప్పించనా అని మ్యూజియం చూసుకునే శైలజ అడిగినప్పుడల్లా, "ఉన్నదాంతోనే ఎల్లదీస్త మేడం, సర్కారు సొమ్ము దండుగెందుకు?" అనేవాడు. చూసేవాళ్లుంటేనే నేసేవాడు.

చీకటి పడేముందు కమిటీ వచ్చింది. పెద్దాయన బట్ట నిమిరి, బాగుందని తలూపాడు. ఐలేశానికి ఊపిరాడింది. ఆ తర్వాత ఆయన శైలజతో హిందీలో ఏదో అన్నాడు. ఆమె మొహం మాడిపోయింది.

కార్లు వెళ్లిపోయాక శైలజ వచ్చి గుంట అంచున కూర్చుంది.

"నూలు పైసలు రెండేండ్లు ఖర్చు పెట్టలేదు గదా తాతా. అక్కర లేదనుకొని ఢిల్లీల ఆ పద్దే తీసేసిన్రు. ఇగ మగ్గం ఆడేది లేదు. గాజు పెట్టెలకు వేరే పద్దుందట. రేపే దీని చుట్టూ అద్దాలు బిగిస్తరు."

"నేను మిగిలిస్తి గద, బిడ్డా?"

"మిగిలితె అక్కర లేదనే రాసుకుంటరు. నేనన్న నీ మాట ఇనకుండ తెప్పించాల్సుండె."

"మరి నేను?"

ఆమె తల దించుకుంది. "మగ్గం అచ్చుల పోగులన్ని తీసి, ఖాళీ చేసి పొమ్మన్నరు తాతా."

ఆమె లేచి వెళ్లాక ఐలేశం మళ్లీ నాడె అందుకున్నాడు. ఈసారి పొదుపు చేయలేదు. నేయగలిగినంత పడుగూ ఆగకుండా నేశాడు. బట్ట కోసి, మడిచి, శైలజ బల్ల మీద పెట్టాడు. వంకరపోయిన మోకాళ్లతో మెల్లగా గేటు దాటాడు.

"రేపు జల్ది రా భాయ్, చాయ్ నాది!" చోటే మియా కేకేశాడు. ఐలేశం వెనక్కి చూడకుండా చేయి ఊపాడు.

చెప్పినట్టు అచ్చు ఖాళీ చేయలేదు. దువ్వెన పళ్లలాంటి దాని సందుల్లోంచి పాత పోగుల కొసలు, గుప్పెడు గుప్పెడుగా ముడేసి, కొత్త పడుగు అతుక్కునేంత పొడుగున గుంట మీదికి వేలాడుతున్నాయి.