ఆ ఒక్క ఎర్ర చుక్క

లెక్కల టీచరుకి పిల్లలు చాటుగా పెట్టిన పేరు "మళ్ళీ టీచరు". చెప్పిన పాఠమే మళ్ళీ చెబుతుందని. ఆ పేరు ఆవిడ చెవిన పడింది కానీ పట్టించుకోలేదు. ఎందుకు మళ్ళీ చెబుతోందో తనకి తెలుసు కదా.

ఆ ఏడు బడిలోకి కొత్త యంత్రం వచ్చింది. పిల్లలందరి చేతుల్లో ఒక్కో చిన్న రిమోట్. పాఠం అవగానే, అర్థమైతే పచ్చ బటన్, కాకపోతే ఎర్ర బటన్ నొక్కాలి. టీచరు ముందున్న తెరమీద చుక్కలు వెలుగుతాయి. పిల్లలు సిగ్గుపడకుండా, ఏ చుక్క ఎవరిదో చూపించదు. ఎర్ర చుక్క ఒక్కటున్నా మర్నాడు ఆ పాఠాన్ని ఇంకో విధంగా చెప్పి తీరాలని హెడ్మాస్టరు హుకుం. హుకుం వెయ్యడానికేం, నోరు పోయేది చెప్పేవాళ్ళకి. మిగతా టీచర్లు వారం తిరక్కుండానే "పచ్చ నొక్కండర్రా, మీకు పుణ్యముంటుంది" అని నేర్పేశారు.

లెక్కల టీచరు అలాంటివేం నేర్పలేదు. అయినా ఆవిడ తరగతిలో అన్నీ పచ్చవే, ఒక్కటి తప్ప. రోజూ ఆ ఒక్కటీ ఎర్రగా వెలిగేది.

ఆవిడ ఉండేది రెండు గదుల ఇంట్లో. అక్క పోయాక "తిన్నావా" అని అడిగే గొంతు ఆ ఇంట్లో లేదు. ఆ నిశ్శబ్దంలోకి ఈ ఎర్ర చుక్క వచ్చి కూర్చుంది. ఆడో మగో తెలియదు కాబట్టి "నాన్నా" అని పిలిచేది. కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ దానితో మాట్లాడేది. "అరతో భాగిస్తే పెద్ద సంఖ్య ఎందుకొస్తుందనేగా నీ గోల? ఉండు, రేపు చూపిస్తా" అనేది. దుకాణానికి వెళ్ళి మూడు మీటర్ల రిబ్బను కొని, మర్నాడు తరగతిలో అర మీటరు చొప్పున కత్తిరించింది. ఆరు ముక్కలొచ్చాయి. పిల్లల కళ్ళు వెలిగాయి. చుక్క మాత్రం ఎర్రగానే ఉంది. మూడోసారి చెప్పే వీలు లేదు, సిలబస్ తరుముతోంది. కొత్త పాఠంలోకి వెళ్ళిన ప్రతిసారీ ఆ బిడ్డను నడిదారిలో దింపేసి పోతున్నట్టు ఆవిడకి మనసు పీకేది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇక ఆగలేక కంప్యూటర్ సారు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఆ ఎర్ర చుక్క ఎవరో చెప్పు. రూలు కాదని తెలుసు. ఇంటికి పిలిచి విడిగా చెప్పుకుంటాను. లేకపోతే ఫెయిలైపోతుంది."

అతను కాసేపు మీటలు నొక్కి, తల గోక్కున్నాడు.

"మేడమ్, ఇది... ఎవరూ కాదండీ. మొదట్లోనే ఊరు మారిపోయిందే, కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, ఆ అమ్మాయి నంబరు. హాజరులో కొట్టేశారు కానీ ఇందులో తీసెయ్యడం మర్చిపోయారు. ఆ రోజు ఆబ్సెంటు పడినవాళ్ళని ఇది వదిలేస్తుంది, మిగతావాళ్ళు ఏదీ నొక్కకపోతే ఎర్ర కిందే లెక్కేసుకుంటుంది."

"అంటే నేను ఇన్నాళ్ళూ..."

"అయినా మీ క్లాసు మార్కులే అందరికంటే ఎక్కువండీ" అని, ఓదార్పుగా నవ్వి, ఆ నంబరు తీసేశాడు. ఆవిడ ముఖం చూసుంటే కాసేపు ఆగేవాడే.

మర్నాడు తెరంతా పచ్చగా వెలిగింది. ఆ మర్నాడు కొత్త పాఠం మొదలుపెట్టేసరికి తరగతిలో గుసగుసలు లేచాయి.

"టీచర్, నిన్నటిది మళ్ళీ చెప్పరా?" అంది ముందు బెంచీ పిల్ల.

"అందరూ పచ్చ నొక్కారుగా?"

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. వెనకనుంచి ఒకడు లేచాడు. "ఎవరో ఒకరు ఎర్ర నొక్కుతున్నారు కదా టీచర్, మీరెలాగూ మళ్ళీ చెప్తారు కదా అని మేం పచ్చ నొక్కేస్తాం. మాకు రెండోసారికే అర్థమవుతుంది."

"ఎవరు నొక్కుతున్నారు?"

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "నువ్వు కాదూ?" "నేనెక్కడ? నువ్వే అనుకున్నా!"

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఆ నొక్కే పిల్ల వెళ్ళిపోయిందర్రా. ఇక ఎవరిది వాళ్ళే నొక్కుకోవాలి. ఊఁ, కానివ్వండి" అంది.

ముందు ఒకటి వెలిగింది. తర్వాత రెండు. తర్వాత తెర మొత్తం ఎర్రబడింది. ఆవిడ చాక్‌పీసు తీసుకుని మొదటినుంచి చెప్పింది. అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కూర తరగడానికి కూర్చుంది. "నాన్నా" అనబోయి ఆగింది. ఎర్ర చుక్క ఒక్కటైతే ఎదురుగా కూర్చోబెట్టుకునేది. అంతమందితో ఎలా మాట్లాడాలో తెలియక, ఆవిడ కూర తరుగుతూ ఉండిపోయింది.